ఎక్కువొచ్చిన జీతం

శవాన్ని తీసుకెళ్ళారు గానీ వాసనను ఇక్కడే వదిలేసిపోయారు.

ఛీఫ్ జేబురుమాలును నాలుగు మడతలు పెట్టి, ముక్కుకు అడ్డంగా అదుముకుని, సొన తొట్టి అంచు మీంచి లోపలికి తొంగిచూశాడు. నిలువెత్తు స్టీలు తొట్టి. అందులో నడుము లోతున పచ్చని గుడ్డు సొన. పైన నురగ. ఆ నురగ మధ్యలో ఒక చొక్కా బొత్తాం.

"ఛీ!" అన్నాడు. ఒక్క క్షణం ఆగి ఊపిరి వదిలాడు. "ఫ్!"

ఆయన్ని అందరూ ఛీఫ్ అనడానికి కారణం అదే. పదవి వల్ల వచ్చిన పేరు కాదది, ఆయన వట్టి ప్రైవేటు డిటెక్టివు. మాటకు ముందు 'ఛీ', మాట తర్వాత 'ఫ్'. ఈ రెండింటి మధ్య ఎంతటి ఖూనీ అయినా తేలిపోతుందని ఆయన్ని నమ్ముకున్నవాళ్ళంటారు. తేలనిది ఫీజొక్కటేనని ఆయన భార్య అంటుంది.

కోడిగుడ్లు పగలగొట్టే కార్ఖానా అది. కేకులూ బిస్కెట్లూ చేసే పెద్దపెద్ద కంపెనీలకు గుడ్లు కొట్టుకుంటూ కూర్చునే తీరిక ఉండదు. వాళ్ళకి డబ్బాల్లో సొన కావాలి. అందుకని ఇక్కడ ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళు బల్ల ముందు వరసగా కూర్చుంటారు. ఒక్కో గుడ్డూ కప్పులోకి కొట్టి, కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. మంచిదైతే తెల్ల బకెట్లోకి, మురిగిందైతే నల్ల బకెట్లోకి. తెల్ల బకెట్లు చల్లటి తొట్టిలోకి పోతాయి, నల్ల బకెట్లు వెనక గోతిలోకి. ఒక్క మురుగు గుడ్డు తప్పించుకుని తొట్టిలో పడిందా, తొట్టెడు సొనా గోవిందా.

ఇవాళ పొద్దున ఆరింటికి ఆ తొట్టిలో కార్ఖానా క్యాషియరు తేలాడు. తల వెనక పెద్ద దెబ్బ.

"అంత గుడ్లప్పగించి చూడకండి బావా, జారి అందులో పడతాయి. తర్వాత ఏవి మీవో ఏవి కోడివో పోల్చుకోలేక చావాలి" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టరు.

ఇన్‌స్పెక్టరు ఛీఫ్‌కి సొంత బావమరిది. భార్య తమ్ముడు. ఇంట్లో బావగారి కంచంలో తినేంత చనువు, బయట బావగారి కేసు తినేసేంత పగ.

"నా గుడ్లు నా దగ్గర భద్రంగానే ఉన్నాయిరా. గుడ్డిది నీ కేసు."

"డ్యూటీలో ఉన్నప్పుడు ఇన్‌స్పెక్టర్ గారూ అనమని చెప్పానా లేదా?"

"చెప్పావు ఇన్‌స్పెక్టర్ గారూ. సరే, ఇన్‌స్పెక్షన్ ఏం చేశావో చెప్పరా."

ఇన్‌స్పెక్టరు బెల్టు పైకి లాక్కున్నాడు. పొట్ట ఒప్పుకోలేదు. బెల్టు మళ్ళీ కిందికే వచ్చింది.

"చెప్పడానికేముంది? శుక్రవారం మూడింటికి పని ఆపి ఆడవాళ్ళందర్నీ పంపించేస్తారు. అప్పట్నుంచి క్యాషియరు తన గదిలో కూర్చుని ఇరవై నాలుగు మందికీ జీతాల కవర్లు కడతాడు. ప్రతివారం అది తెమిలేసరికి రాత్రి పది. ఈ పొద్దున చూస్తే ఇరవై నాలుగు కవర్లూ అంటించి, బల్ల మీద వరసగా పెట్టున్నాయి. అంటే పదిదాకా మనిషి బతికున్నట్టే. ఆ తర్వాత ఆ పిల్ల వెనక గోడ దూకి వచ్చింది. కొట్టింది. తోసింది."

"ఏ పిల్ల?"

"మీ క్లయింటు కోడలు. పోయిన శనివారం జీతాల వరసలో నిలబడి, అందరూ వింటుండగా, 'నా రాత్రి గంటలు మింగుతున్నావు, నిన్ను ఆ తొట్టిలోనే ముంచేస్తా' అని అరిచింది. వారం తిరిగేసరికి ముంచింది. మాట నిలబెట్టుకునేవాళ్ళని నేను గౌరవిస్తాను బావా. కాబట్టి నాలుగింటికి గౌరవంగా మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నాను."

గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

"డాక్టరు ఏమన్నాడు? ఎప్పుడు పోయాడట?"

"ఏమీ అనలేదు. ఆ తొట్టి ఐసుపెట్టెతో సమానం, అందులో ఉన్న శవానికి టైము కట్టలేనన్నాడు. టైము కట్టింది కవర్లే."

"ఛీ! కవర్లని అడిగి టైము తెలుసుకునే పోలీసుని నిన్నే చూశాను."

ఇంతలో సెంటు వాసన వచ్చింది. ఆ కొంపలో సెంటు కొట్టుకు తిరిగే ప్రాణి ఒక్కటే: మేనేజరు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు, మొహం మీద అప్పుడే రాసుకున్నంత తాజా విచారం. మురుగు కంపు మీద మల్లెపూల సెంటు పడేసరికి ఛీఫ్ జేబురుమాలుకి ఐదో మడత పెట్టాడు.

"మా క్యాషియరు బంగారం సార్" అన్నాడు మేనేజరు. "పచ్చసొన లాంటి మనసు."

"ఆ సొనలోనే తేలాడు పాపం" అన్నాడు ఛీఫ్. "ఆయన గది చూపించండి."

క్యాషియరు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి పెద్ద నల్లబోర్డు. బోర్డు మీద ప్రతి ఆడమనిషి పేరుకీ ఎదురుగా పోయిన వారం పగలు ఎన్ని గంటలు చేసిందో, రాత్రి ఎన్ని గంటలు చేసిందో, ఈ వారం ఎన్నెన్నో సుద్దముక్కతో రాసి ఉంది. గురువారం రాత్రితో వారం ముగుస్తుందట. బల్ల మీద ఒక గిన్నె. గిన్నెలో తెల్లసొన. దాని పక్కన చిన్న కుంచె.

"ఇదేమిటి? మధ్యాహ్నం టిఫినా?"

"కాద్సార్. ఆయన కవర్లు దాంతోనే అంటించేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒక గిన్నెడు తెచ్చిపెట్టుకుంటాడు. గమ్ముకి డబ్బు తగలెయ్యడం దేనికని. ఇక్కడ ఊరికే దొరికేది అదొక్కటే కద సార్."

ఛీఫ్ వంగి చూశాడు. గిన్నె అంచుదాకా నిండుగా ఉంది. సొన మీద తడి ఆరిన పొర కట్టింది. పొర ఎక్కడా చిట్లలేదు. కుంచెను వేలితో తడిమాడు. వెంట్రుకలు మెత్తగా, విడివిడిగా, కొన్న రోజున ఉన్నట్టే ఉన్నాయి.

"ఛీ" అన్నాడు, ఈసారి కొంచెం నెమ్మదిగా. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "నిన్న మీరు ఎన్నింటిదాకా ఉన్నారు?"

"ఏడు దాటేదాకా నా గదిలోనే ఉన్నాను సార్. వెళ్ళొస్తానని చెబితే లోపల్నుంచే సరేనన్నాడు. అదే ఆఖరి మాట. ఎనిమిదింటికి క్లబ్బులో భోజనాలు. పన్నెండుదాకా అక్కడే."

"సాక్షులు?"

మేనేజరు మర్యాదగా ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదగా పైకప్పు వైపు చూశాడు.

"ఓహో! నువ్వే పక్కన కూర్చుని మెక్కావన్నమాట" అన్నాడు ఛీఫ్. "బాగుందిరా. ఇంకొక్క ప్రశ్న మేనేజర్ గారూ. గంటకెంత ఇస్తారు?"

"పగలు అరవై, రాత్రి తొంభై. నేనే ఖాయం చేశాను సార్. ఈ చుట్టుపక్కల రాత్రిపనికి తొంభై ఇచ్చేవాణ్ణి చూపించండి!"

"ఆ సంగతి ఆడవాళ్ళకి తెలుసా?"

"రేట్లు చెబితే బేరాలు మొదలవుతాయి సార్. నాకూ క్యాషియరుకీ తప్ప మూడోవాడికి తెలీదు. నేను నోటిమాటగా చెప్పాను, ఆయన నోట్లోనే దాచుకున్నాడు. చేతికి వచ్చింది ఎంతో చూసుకుంటారు, దణ్ణం పెట్టి పోతారు."

తలుపు దగ్గర పెద్ద గొడవ. అడ్డం నిలబడ్డ కానిస్టేబుల్ని పక్కకి నెట్టుకుని ఒక పెద్దావిడ లోపలికి వచ్చిపడింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. చేతివేళ్ళ నిండా పెంకులు గీసిన గాట్లు. అదే బల్ల దగ్గర పదేళ్ళుగా గుడ్లు కొడుతోంది. కార్ఖానాలో అందరికీ అత్త. లాకప్పులో ఉన్న పిల్లకి నిజంగా అత్త. పొద్దున తొమ్మిదింటికి ఛీఫ్ ఇంటి తలుపు బాది, ఆయన్ని పక్కమీంచి లేపింది ఈవిడే.

"ఛీఫ్ బాబూ, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఈ టోపీ బాబుతో ముచ్చట్లా నీకు? నాలుగింటికి నా కోడల్ని తీసుకుపోతారంట!"

"నీ కోడలు ఖూనీ చేసిందమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా కోడలా? బొద్దింకని చంపాలంటే నన్ను పిలుస్తది బాబూ! రాత్రంతా నా పక్కనే పడుకుంది. నాకన్నా గట్టిగా గురక పెట్టింది. కావాలంటే అవతలి గదివాళ్ళని అడుగు, పొద్దున్నే తిట్టిపోశారు."

"ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదు."

"మరి ఇంట్లోవాళ్ళ వంట మాత్రం చెల్లుతుందా నీకు?"

ఛీఫ్ అడ్డుపడ్డాడు. "అత్తా, నేనడిగినదానికి సూటిగా చెప్పు. నీ కోడలు క్యాషియర్ని తిట్టిందా?"

"తిట్టింది. నోరున్న పిల్ల. రాత్రి గంటలకి తక్కువ కడుతున్నాడు, లెక్కలో తేడా ఉందని మూణ్ణెల్ల నుంచీ నెత్తీనోరూ కొట్టుకుంటోంది. తేడా ఎంతో దానికీ తెలీదు, నాకూ తెలీదు. పగలూ రాత్రీ కలగలిపి ఒక్క కట్టగా ఇస్తే ఎక్కడ కోశాడో ఎట్లా తెలుస్తది బాబూ? నేను మాత్రం నోరెత్తలేదు. ఇచ్చిందే పదివేలనుకున్నా."

"పోయిన వారం మీ ఇద్దరికీ ఎంతెంత వచ్చింది?"

"దానికి మూడువేల ఆరొందలు. నాకు మూడువేల నాలుగొందల ఇరవై. గది అద్దె నా కవర్లోంచి, మిగతావన్నీ దాని కవర్లోంచి. మర్చిపోయే సొమ్మా అది?"

ఛీఫ్ సుద్దముక్క తీసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఛీఫ్‌కి లెక్కలంటే పరమ అసహ్యం. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు ఆయన్ని తప్పించింది. ఆయన దాన్ని తప్పించుకోలేకపోయాడు. మూడోసారికి ట్యూషన్ మాస్టారు చేతులెత్తేసి, "ఒరేయ్, జంట సమీకరణాలు ఒక్కటి నేర్చుకో. అది రాకుండా పేపరుండదు" అని, బెత్తంతో ఆ ఒక్క అధ్యాయాన్నీ ఆయన వీపులోంచి బుర్రలోకి ఎక్కించాడు. కూడికకు వేళ్ళు లెక్కపెట్టే మనిషి, తెలియనివి రెండుంటే మాత్రం పులి.

"తెలియనివి రెండు" అన్నాడు, బోర్డు వైపు తిరిగి. "పగటి గంటకెంత? రాత్రి గంటకెంత? ఒక్క మనిషి జీతం చూస్తే తేలి చావదు. ఇద్దరివి కావాలి. అత్తా, పోయిన వారం నీ కోడలు పగలు ముప్పై గంటలు, రాత్రి ఇరవై నాలుగు. బోర్డు మీదుంది. మొత్తం మూడువేల ఆరొందలు. నువ్వు పగలు నలభై రెండు, రాత్రి పన్నెండు. మొత్తం మూడువేల నాలుగొందల ఇరవై. అవునా?"

"అవును బాబూ."

"ఇప్పుడు నీదాన్ని రెండింతలు చేస్తాను."

"చెయ్యి నాయనా, నీ నోట్లో పంచదార పొయ్యా!"

"బోర్డు మీదే అత్తా, చేతికి రాదు. పగలు ఎనభై నాలుగు, రాత్రి ఇరవై నాలుగు, సొమ్ము ఆరువేల ఎనిమిదొందల నలభై. నీ కోడలి రాత్రి గంటలూ ఇరవై నాలుగే. ఈ పెద్దదాంట్లోంచి ఆ చిన్నదాన్ని తీసేస్తే రాత్రులు రాత్రికి రాత్రే మాయం! మిగిలింది యాభై నాలుగు పగటి గంటలు, మూడువేల రెండొందల నలభై. గంటకి అరవై."

"చెప్పాగా సార్, అరవై అని" అన్నాడు మేనేజరు గర్వంగా.

"ఇక నీ కోడలి ముప్పై పగటి గంటలకీ పద్దెనిమిది వందలు పోతే, మిగిలింది పద్దెనిమిది వందలు. ఇరవై నాలుగు రాత్రి గంటలకి పంచితే..." సుద్దముక్క కిర్రుమంది. "డెబ్బై ఐదు."

"డెబ్బై ఐదా?" అన్నాడు మేనేజరు.

ఆ గొంతులో నిజమైన ఆశ్చర్యం పలికింది. పొద్దుట్నుంచి ఆ ఆవరణలో ఛీఫ్ చూసిన వాటిల్లో మురగనిది అదొక్కటే.

"గంటకి పదిహేను చొప్పున మింగాడు" అన్నాడు ఛీఫ్. "మీ బంగారం."

ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు. "శభాష్ బావా! ఇన్నాళ్ళకి మీ అల్జీబ్రా నాకు పనికొచ్చింది. వాడు మింగాడు, పిల్ల పసిగట్టింది, చంపింది. ఎందుకు చంపిందంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క తిట్టే ఉంది ఇందాకటిదాకా. ఇప్పుడు మీరు లెక్క కట్టి మరీ ఇచ్చారు. కాఫీ తాగుతారా?"

అత్త మొహం పాలిపోయింది. "అయ్యో నా ఖర్మా! విడిపించమని పిలిస్తే బిగించేశావేంటి బాబూ? నీ లెక్క తగలెయ్య! ఈ వారం కవర్లు విప్పనైనా విప్పలేదు, నా బతుకిట్లా తెల్లారింది."

ఛీఫ్ చెయ్యి గాల్లో ఆగింది. "విప్పలేదా?"

"ఎక్కడ విప్పనిచ్చాడు? పొద్దున ఎనిమిదింటికి వరసలో నిలబెట్టి ఈ టోపీ బాబే పంచిపెట్టాడు. నా కోడలు కవరందుకోడానికి చెయ్యి చాపితే ఆ చేతికే బేడీ వేశాడు! కవరు కిందపడితే నేను ఏరుకున్నా. రెండూ ఇక్కడే ఉన్నాయి." నడుము దగ్గర తట్టి చూపించింది.

"జీతం ఇస్తామని పిలిచి పట్టుకున్నావా?" అన్నాడు ఛీఫ్. "ఛీఛీ!" ఈసారి ఫ్ కూడా రాలేదు.

మేనేజరు ఒక అడుగు ముందుకు వేశాడు. "అవి సాక్ష్యం కదమ్మా. ఇలా ఇచ్చెయ్యి, జాగ్రత్త చేస్తాను." తెల్లగా, మెత్తగా ఉన్న చెయ్యి.

"జీతం ఇచ్చే చెయ్యేగానీ తీసుకునే చెయ్యి ఎప్పుడయ్యింది బాబూ అది?" అంది అత్త, నడుముని రెండు చేతులా పట్టుకుని.

మేనేజరు నవ్వాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఐసు లారీ వస్తుందన్నాడు, బాంకులో పనన్నాడు, రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి చెప్పి వెళ్ళిపోయాడు. బయట కారు స్టార్టయిన చప్పుడు.

"అత్తా" అన్నాడు ఛీఫ్, "రాత్రిపూట మీరు చేసే పనేమిటి? పగలు చేసేదేనా?"

అత్త తల దించుకుంది.

"చెప్పు. ఇప్పుడు దాచావంటే నీ కోడలే పోతుంది."

"రాత్రిపూట కప్పులుండవు బాబూ" అంది మెల్లగా. "వాసన చూసే పని లేదు. మొహానికి గుడ్డ కట్టుకోమంటారు. పగలు నల్ల బకెట్లో పోసినవి గోతిలోకి పోవు. రాత్రికి మళ్ళీ మా దగ్గరికే వస్తాయి. తట్టలకొద్దీ చితికిన గుడ్లూ, పురుగు పట్టినవీ వస్తాయి. అన్నీ ఒక్కటిగా కలిపి ఏదో పొడి చల్లి తొట్టిలో పొయ్యడమే. నోరు విప్పితే పని పోతదన్నారు."

గదిలో ఈగ ఒకటి తెల్లసొన గిన్నె చుట్టూ తిరిగింది. ఛీఫ్ నిన్న సాయంత్రం టీతో పాటు తిన్న మూడు బిస్కెట్లూ గుర్తొచ్చి, కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు కాఫీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నిన్న క్లబ్బులో భోజనం తర్వాత ఆయన కేకు రెండుసార్లు వేయించుకున్నాడు.

"క్యాషియరుకి తెలుసా ఇది?"

"తెలీకేం? గురువారం పొద్దున మేనేజర్ బాబుతో అంటుంటే నా చెవిన పడింది. 'ముక్కు మూసుకోవాలంటే ఖర్చవుతుంది సార్. ఇప్పటిదాకా ఒక ముక్కు రంధ్రమే మూశాను' అన్నాడు. మేనేజర్ బాబు నవ్వాడు. నవ్వితే బాగుంటాడు గదా, అట్లాగే నవ్వాడు."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "అది ఆరోగ్యశాఖ చూసుకునే సంగతి బావా. ఖూనీకీ దీనికీ..."

"కవర్లు తియ్యి అత్తా."

అత్త నడుములోంచి రెండు కవర్లు తీసింది. తన కవరు అంచు పట్టుకుని లాగి, ఆగిపోయింది. "ఇదేంటి, ఇట్లా సాగుతోంది? ఎప్పుడూ పెళపెళా విరిగేది."

ఛీఫ్ కవరు లాక్కున్నంత పనిచేశాడు. అంచుని ముక్కుకి ఆనించాడు. పొద్దుట్నుంచి ముక్కు మూసుకున్న మనిషి, ఇప్పుడు గుండెల నిండా పీల్చాడు. సొన వాసన లేదు. మామూలు గమ్ము. రెండో కవరూ అంతే. సాక్షిగా బావమరిది ముక్కు కిందా పెట్టాడు.

"లెక్కపెట్టు అత్తా."

వేలికి ఉమ్ము తడి చేసుకుంటూ అత్త లెక్కపెట్టింది. తన కవర్లో మూడువేల ఆరొందలు. కోడలి కవర్లో మూడువేల నూట ఇరవై. మళ్ళీ లెక్కపెట్టింది. అంతే. "ఎక్కువొచ్చినట్టుందే! ఈ వారం నాకు ఇంత రాకూడదు బాబూ."

ఛీఫ్ బోర్డు మీద పాత లెక్క చేత్తో తుడిచేశాడు. "ఈ వారం నువ్వు పగలు ముప్పై ఆరు, రాత్రి పదహారు. మూడువేల ఆరొందలు. నీ కోడలు పగలు నలభై, రాత్రి ఎనిమిది. మూడువేల నూట ఇరవై. దాన్ని రెండింతలు చేస్తే ఎనభై పగలు, పదహారు రాత్రి, ఆరువేల రెండొందల నలభై. అందులోంచి నీది తీసెయ్. నలభై నాలుగు పగటి గంటలకి రెండువేల ఆరొందల నలభై. గంటకి అరవై. తేడా లేదు. ఇక రాత్రి. నీ కోడలి నలభై పగటి గంటలకీ రెండువేల నాలుగొందలు పోతే ఏడొందల ఇరవై. ఎనిమిదితో భాగించు. ఒరేయ్ బావమరిదీ, నువ్వు చెప్పు."

ఇన్‌స్పెక్టరు పెదాలు కదిపాడు. వేళ్ళు మడిచాడు. "తొంభై."

"తొంభై! మూణ్ణెల్లుగా డెబ్బై ఐదు కట్టినవాడు, చచ్చే రోజున పూర్తి తొంభై కట్టాడు."

"పిల్ల తిట్టిందిగా. భయపడి సరిచేసుంటాడు."

"భయపడితే తిట్టినావిడకి సరిచేస్తాడు. నోరెత్తని అత్తకెందుకు పెంచుతాడు? భయంతో రేటు మార్చుకున్నాడే అనుకో, గమ్ము కూడా కొనుక్కున్నాడా? గిన్నె నిండా తెల్లసొన పెట్టుకుని, పొర కూడా చిట్లకుండా? కుంచె తడవకుండా?" ఛీఫ్ సుద్దముక్క బల్ల మీదికి విసిరాడు. "ఈ కవర్లు క్యాషియరు కట్టలేదురా. ఇవి కట్టేటప్పటికి క్యాషియరు తొట్టిలో ఉన్నాడు. గంటలు బోర్డు మీదున్నాయి, ఎవడైనా చూసుకోవచ్చు. రేటు తెలిసింది ఇద్దరికే. ఒకడికి తను మింగేది పోను డెబ్బై ఐదని తెలుసు. రెండోవాడికి తన క్యాషియరు దొంగని తెలీదు. పాపం, తొంభై ఖాయం చేశాం గనక తొంభయ్యే ఇస్తున్నారనుకుని, నిజాయితీగా, పైసా తేడా రాకుండా ఇరవై నాలుగు కవర్లూ నింపాడు, సొన ముట్టుకోవడం రోతై గమ్ముతో అంటించాడు. మూడింటికి అందరూ వెళ్ళాక కొట్టాడు, ఏడు దాటేదాకా తన గదిలో కూర్చుని జీతాలు కట్టాడు, ఎనిమిదింటికి నీ పక్కన కూర్చుని భోంచేశాడు. వాడి జన్మలో చేసిన ఒకే ఒక్క సరైన లెక్క అది. దాంతోనే దొరికాడు."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. మొహం తెల్లసొనలా అయింది. "నన్ను... నన్ను పక్కన పెట్టుకున్నది..."

"నువ్వు సాక్షివి కాదురా, కవరువి. లోపల వాడిక్కావలసింది పెట్టుకుని అంటించేశాడు. తిండి పెట్టి మరీ." ఛీఫ్‌కి ఒక్కసారిగా అన్నింటి మీదా రోత పుట్టింది. ఆ తొట్టి మీద, ఆ సెంటు మీద, రాత్రి గంటకి పదిహేను కొట్టేసి పైగా మురుగులో వాటా అడిగిన చచ్చినవాడి మీద. ఈ మొత్తంలో కడుక్కోవలసిందేమీ లేని చేతులు, గాట్లు పడ్డ అత్త చేతులు రెండే కనిపించాయి. "ముందు స్టేషనుకి ఫోన్ చెయ్. ఆ పిల్లని కూర్చోబెట్టి, ఏదైనా తినిపించమను. కేకు మాత్రం వద్దను."

అత్త రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, నిలబడ్డచోటే కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పిచ్చిమొహంది, పొద్దుట్నుంచి నీళ్ళు కూడా తాగుండదు" అంటోంది.

ఇన్‌స్పెక్టరు ఫోన్ తీశాడు. అవతల స్టేషన్ రైటరు గొంతు గదంతా వినిపించేంత గట్టిగా ఉంది.

"ఆ అమ్మాయా సార్? మేనేజర్ గారు వచ్చి తీసుకెళ్ళారు కద సార్."

"ఎవరు పంపమన్నారు?"

"మీరే సార్! మీ దగ్గర్నుంచే వస్తున్నానన్నారు. గుమ్మంలోంచే ఫోన్లో మాట్లాడారు, 'ఇన్‌స్పెక్టర్ గారూ, అలాగే, నా పూచీ' అని. నిన్న మీ ఇద్దరూ క్లబ్బులో కలిసి ఉన్నారు గదా, నేను... నేను మళ్ళీ అడగలేదు సార్."

"ఎంతసేపయింది?"

"ఐదు నిమిషాలు సార్. అంతా పద్ధతిగానే చేశారు సార్. కాగితం మీద ఆ అమ్మాయి వేలిముద్ర కూడా తీసుకున్నారు."

ఛీఫ్ బావమరిది చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఏ కాగితం? ఏం రాసుంది దాని మీద?"

అవతల గొంతు చిన్నదైంది.

"ఏమీ లేదు సార్. తెల్లకాగితం. తర్వాత రాసుకుంటానన్నారు."

ఛీఫ్ నోట్లోంచి ఛీ రాలేదు, ఫ్ రాలేదు. ఆ కాగితం మీద ఏం రాస్తాడో ఆయనకి అక్షరం అక్షరం కనిపిస్తోంది. తప్పు ఒప్పుకుని, సిగ్గుతో ప్రాణం తీసుకున్న ఆడమనిషి ఆఖరి మాటలు. ఒప్పుకుని చనిపోయిన ముద్దాయి కేసు కన్నా తేలిగ్గా మూసేసేది ఏ స్టేషన్లోనూ ఉండదు.

"ఒప్పుకోలు తయారైంది" అన్నాడు, ఫోన్ బల్ల మీద పెట్టేస్తూ. "ఇక వాడికి కావలసింది శవమొక్కటే."

ఇన్‌స్పెక్టరు జీపు తాళాల కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. ఆయన వెతుక్కునేలోపే అత్త లేచి, జీతం డబ్బు నేలమీదే వదిలేసి, చెప్పులైనా లేకుండా గేటు దాటి రోడ్డు మీద పరుగెడుతోంది.